మంట తెలియని వేళ్లు

3 జూన్ 1946, సోమవారం. పెనుకొండ

మిలిటరీలో ఉన్న మూడేళ్లూ మోటారు సైకిలు మీద కాగితాలు మోసేవాణ్ణి. రోజూ పుస్తకం రాయాలి. ఎక్కడ బయలుదేరాను, ఎక్కడ చేరాను, బండికి ఏమైంది. విడిచిపెట్టి వచ్చి ఎనిమిది నెలలైనా ఆ అలవాటు పోలేదు. అందుకని ఈ పుస్తకం. బండి పనిముట్ల పెట్టెలో పెట్టుకుంటాను. నీలావతికి చదువు రాదు. వచ్చినా ఆ జిడ్డులో చెయ్యి పెట్టదు.

పొద్దున హిందూపురం పోయి వీరభద్రయ్య గారి కొట్లో పట్టు కట్టలు ఎత్తుకున్నాను. ధర్మవరం చేర్చి మగ్గాల వాళ్లకు పంచి మాపటికి ఇల్లు చేరాను. వంద మైళ్లు. మిలిటరీ వాళ్లు వేలం వేసిన బండిని ఆయన కొన్నది నన్ను చూసుకునే. మగ్గం ఇంట పుట్టి, ఫట్‌ఫటి తోలడం కూడా వచ్చినవాడు ఈ మూడూళ్లలో నేనొక్కణ్ణే మరి. పట్టుపోగును బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఒకసారి లాగితే చాలు, అసలో నకిలీయో చెప్పేస్తాను. చిన్నప్పుడు నాయన నా కళ్లకు గుడ్డ కట్టి నేర్పించాడు.

బండికి ఏమీ కాలేదు. కుడిచేతికి కాస్త తిమ్మిరి. రోడ్డు అట్లాంటిది.

9 జూన్

తెల్లవారకముందే తిమ్మిరి లేపింది. చెయ్యి విదిలిస్తే పోయింది. పోయింది కదా, ఇంకేం.

19 జూన్, బుధవారం

మళ్లీ అదే. ఈసారి తిమ్మిరి కాదు, నొప్పి. మణికట్టు నుంచి మోచేతి దాకా ఎవరో సన్నటి తీగ లాగుతున్నట్టు ఉంది. లేచి పెరట్లో నిలబడి చెయ్యి విదిలించుకున్నాను. కాసేపటికి తగ్గింది. పొద్దున మజ్జిగ చెంబు చేతిలోంచి జారింది.

నీలావతి నవ్వింది. "ఏం బావా, చెంబుకు నీ మీద అలకొచ్చినాదా?"

"నీ అలక తీర్చేసరికే నా పొద్దు సరిపోతాంది. ఇంగ చెంబు అలక కూడానా?" అన్నాను.

నీలావతి నా మేనమామ కూతురు. పెళ్లయి ఆరేళ్లు. మూడేళ్లు నేను మిలిటరీలోనే ఉన్నాను. ఇప్పుడు తనకు ఐదో నెల. ధర్మవరంలో మా అత్త సరోజమ్మ మొక్కని దేవుడు లేడు. ఇంట్లో ఇంత మంచి మాట నడుస్తుంటే చేతి నొప్పి గురించి చెప్పేదేముంది.

24 జూన్

సంగటి ముద్ద చేత్తో తుంచి తింటున్నాను. నీలావతి "అయ్యో, పొగలు కక్కతాండాది, ఊదుకో" అంది. నోట్లో పెట్టుకున్నాక నాలిక కాలింది. వేళ్లకు తెలియలేదు.

గాలి మళ్లి చల్లారిందనుకున్నానేమో.

5 జూలై, శుక్రవారం

రాయకూడదనుకున్నాను. రాయకపోతే తల పగిలేట్టుంది.

నీలావతి నీళ్లకు పోయినప్పుడు సూది తీసుకుని కూర్చున్నాను. కుడి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు. పొడిచినా ఏదో ఆనినట్టు ఉందే గాని నొప్పి లేదు. నెత్తురు చుక్క కనిపించాక గాని పొడిచానని నమ్మకం కలగలేదు. ఉంగరపువేలికి ఒక పక్క తెలిసింది, ఒక పక్క లేదు. చిటికెనవేలు మాత్రం భేషుగ్గా ఉంది. దాన్ని పొడిచేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

అరచేతిలో బొటనవేలి కింద ఉబ్బుగా ఉండాల్సిన కండ గుంట పడింది.

చిన్నప్పుడు నల్లమాడలో మా అవ్వ దగ్గర ఉండేవాణ్ణి. అక్కడ చంద్రప్ప అని ఒకాయన ఊరి బయట గుడిసెలో ఉండేవాడు. అవ్వ ఆయనకు అంబలి దూరం నుంచి కొబ్బరి చిప్పలోకి పోసేది. "మొదట ఆయప్పకు ఏళ్లు మొద్దుబారినాయంట రా, అట్ల సురువైంది" అనేది. ఆయన చచ్చాక గుడిసె తగలబెట్టారు. లోపల ఆయన ఉండగానే తగలబెట్టారని పిల్లలం చెప్పుకునేవాళ్లం.

ఆ రోగం పేరు ఇక్కడ రాయను.

6 జూలై

పెద్దరోగం. కుష్టు. రాశాను. రాసినంత మాత్రాన వస్తుందా, రాయనంత మాత్రాన పోతుందా?

17 జూలై

హిందూపురం మందుల షాపులో, ఆ రోగానికి వాడే చాల్‌మోగ్రా నూనె అడిగాను. "ఎవరికి?" అన్నాడు. "ఎద్దుకు" అన్నాను. వాడు ఎద్దునే చూస్తున్నట్టు నన్ను చూశాడు. ఎర్రమంచి దాటాక బండి ఆపి గుక్కెడు తాగి రోడ్డు పక్కనే కక్కుకున్నాను.

ఒళ్లంతా వెతుక్కున్నాను, వీపు మాత్రం కనపడదు. మచ్చలు లేవు. ఇంకా రాలేదేమో.

26 జూలై

ఎర్రమంచి దగ్గర గొర్రెల మంద అడ్డొచ్చింది. ముందు బ్రేకు కుడిచేతికి ఉంటుంది. నొక్కాననుకున్నాను. వేళ్లు నొక్కలేదు. గొర్రెలను తప్పించబోయి కంపలో పడ్డాను. గొర్రెలామె పరిగెత్తుకొచ్చింది.

"ఏమబ్బా, ఆ బండికి బిరికి లేదా?"

బండికి ఉందమ్మా, నాకే లేదు. పైకి అనలేదు. ఆమె నా చెయ్యి పట్టి లేపబోతే "తాకొద్దు" అని అరిచాను. పాపం, బిత్తరపోయింది.

30 జూలై

పోగు లాగి చూశాను. ఏమీ చెప్పలేదు నాకు. ఇది పట్టు, ఇది నకిలీ అని వీరభద్రయ్య గారితో నోటికొచ్చింది చెప్పి కట్టలు ఎత్తుకొచ్చాను.

11 ఆగస్టు, ఆదివారం

నాకు చావైనా ఇంతకంటే మేలు.

తెల్లవారుజామున మెలకువ వచ్చింది. నా చెయ్యి లేపిందనుకున్నాను. కాదు. పక్క చాప మీద నీలావతి లేచి కూర్చుని ఉంది. ఈ నెల రోజులుగా ఉక్కపోత అని సాకు చెప్పి నేను వేరే చాప మీద పడుకుంటున్నాను. చీకట్లో గాజుల చప్పుడు. కుడిచెయ్యి విదిలించుకుంటోంది. నేను విదిలించుకునే తీరుగానే. ఆగి, వేళ్లు నలుపుకుని, మళ్లీ విదిలించుకుంటోంది.

"ఏమైందే?"

"ఏం లేదు బావా. జోము పట్టినాది. వారం దినాలుగా ఇట్లే ఉండాది. ఊరికే పోతాది లే."

ఏ వేళ్లు అని అడిగాను. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు చూపించింది.

నేనే అంటించాను. నేను తిన్న కంచంలో తింది, నా చాప మీద పడుకుంది, నా చెయ్యి తన పొట్ట మీద పెట్టుకుని బిడ్డ తంతోంది చూడమంది. ఆ చేతికి తన్ను తెలియకపోయినా తెలిసిందని అబద్ధం చెప్పాను. ఇప్పుడు ఏడో నెల. ఆ లోపలి దానికి కూడా

12 ఆగస్టు

నిన్న మధ్యలో ఆగిపోయాను. చెయ్యి ఆగిపోయింది. అంతే.

18 ఆగస్టు, ఆదివారం

నీలావతిని ధర్మవరం పంపించాను. రైల్లో మా అత్త వచ్చి తీసుకుపోయింది. తొమ్మిదో నెలకు గదా పోవాల్సింది, ఇప్పుడే ఎందుకని రాద్ధాంతం చేసింది నీలావతి.

"నన్ను యాడికి తరుముతాండావు బావా? నా మీద మొహం మొత్తినాదా?"

"నీకు నిద్ర లేదు, ఆడైతే మీయమ్మ చూసుకుంటాది."

"నీకు మిలిటరీలో ఎవతన్నా ఉండాదా? ఉంటే చెప్పు. చెప్పి పంపు."

ఉందే పిల్లా, నా వేళ్లలో ఉంది అనాలనిపించింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. "ఉండాది అనుకో" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో నాకే తెలియదు. రైలు కదిలేదాకా నా వైపు చూడలేదు.

27 ఆగస్టు

నల్లచెరువు దగ్గర కుళ్ళాయప్ప అని వాతలు పెట్టే ఆయన ఉన్నాడంటే పోయాను. రోగం పేరు చెప్పలేదు, నరాల నొప్పి అన్నాను. మణికట్టు మీద ఇనప కడ్డీతో రెండు వాతలు పెట్టాడు. ప్రాణం పోయింది. ఆ వాసనకు, ఆ నొప్పికి నాకు సంతోషం వేసింది. మణికట్టు ఇంకా నాదే.

కుళ్ళాయప్ప నా వేలి చివర కూడా చురక పెట్టబోయాడు. "ఆడ వద్దు" అని చెయ్యి లాక్కున్నాను. ఆయనకు అక్కడ ఏముందో తెలిస్తే ఊరంతా తెలుస్తుంది.

2 సెప్టెంబరు

వాత చీము పట్టింది. గోరుచుట్టు మీద రోకటి పోటు.

10 సెప్టెంబరు, మంగళవారం

ఎడమచేత్తో బండి తోలడం నేర్చుకోవచ్చా అని ఆలోచించాను. యాక్సిలేటరు కుడివైపు ఉంటుంది. నేనొక పిచ్చివాణ్ణి.

ఈవేళ అంతా అయిపోయింది.

ధర్మవరంలో మగ్గాల వీధిలో కట్టలు దించాను. పోయినసారి కట్టల్లో నకిలీ కలిసిందని గొడవ. నా చేతి మొద్దుతనం వల్లనే కలిసింది, నాకు తెలుసు. చౌడప్ప మామ ఆ వీధికి పెద్ద. అరవై ఏళ్లుగా పోగు తప్ప మరొకటి చూడని మనిషి. అరుగు మీద కూర్చుని "కాల్చు భూషణా" అన్నాడు.

అక్కడి పద్ధతి అది. పట్టు మీద అనుమానం వస్తే తెచ్చినవాడే ఒక పోగు పీకి, కొస వేళ్లతో పట్టుకుని, వీధిలో అందరి ముందూ కాల్చి చూపించాలి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య నలిగితే అసలు పట్టు. కాగితం లాగా మండితే నకిలీ. వేరేవాడు కాలిస్తే మోసం చేశాడంటారు. తెచ్చినవాడి చెయ్యే సాక్షి.

చౌడప్ప మామ నిప్పుపుల్ల గీశాడు. నేను పోగు పట్టుకున్నాను. మండింది. అసలు పట్టే. వెంట్రుక వాసన వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చి అందరి మొహాలూ చూస్తున్నాను. "చూడండప్పా, అసలు సరుకు" అన్నాను.

చౌడప్ప మామ లేచి నిలబడ్డాడు.

"ఏమప్పా భూషణా. పోగు ఎప్పుడో ఆరిపోయినాది. కాలతాండేది నీ ఏలు."

చూసుకున్నాను. చూపుడువేలి చివర నల్లబడి ఉంది. ఆ వెంట్రుక వాసన చాలాసేపటి నుంచీ నాదే.

మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నేను కట్ట అందివ్వబోతే ఉలిగమ్మ అని పండు ముసలామె, నన్ను ఎత్తుకుని తిరిగినామె, రెండడుగులు వెనక్కి వేసింది. "ఆ అరుగు మీద పెట్టు నాయనా" అంది. ఆ మాట అంటూనే ఏడుస్తోంది.

11 సెప్టెంబరు

నిన్న మాపటికి అత్తగారింటి ముందుకు పోయాను. నా వేలు కాలిన మాట అప్పటికే ఆ ఇంటికి చేరింది. తలుపు తియ్యలేదు. నీలావతి చేతి సంగతి నేను చెప్పలేదు, దేవుడి మీద ఒట్టు. తనే చెప్పింది. తల్లి కదా, నాకూ అట్లే ఉండాదమ్మా అని చెప్పుకుంది. అత్త తలుపు వెనకనుంచే మాట్లాడింది.

"దాన్ని పెరట్లో అద్దకం కొట్టంలో పెట్టినా భూషణా. కూడు, నీళ్లు ఆడికే ఇస్తా. నువ్వు ఈడికి రావద్దు. బిడ్డ పుడితే నేను చూసుకుంటా. బిడ్డనన్నా మిగలనీ."

"అత్తా, ఒక్కసారి చూసి పోతా."

"నా ఒక్కగానొక్క కూతురు రా అది" అంది. తలుపు వెనక ఆమె కూలబడిన చప్పుడు వినిపించింది.

13 సెప్టెంబరు

వీరభద్రయ్య గారు మనిషిని పంపి బండి వాళ్ల కొట్టానికి చేర్చమన్నారు. రేపు చేరుస్తానని చెప్పించాను.

14 సెప్టెంబరు, శనివారం

ఇది నేనే రాస్తున్నాను గాబట్టి నిజమే రాయాలి.

పొద్దున పెనుకొండ కొండ కింద పాత బావి దగ్గరికి బండి తోలుకుపోయాను. గోడ లేని బావి. దూరం నుంచి ఒకే ఊపున వచ్చేస్తే బండీ నేనూ కలిసి పోతాం, ప్రమాదమనుకుంటారు. నీలావతికి మాట రాదు. గేరు వేశాను. క్లచ్చి ఎడమచేత్తో వదిలాను. యాక్సిలేటరు తిప్పాలి. కుడిచెయ్యి తిప్పింది. సగం తిప్పాక జారిపోయింది. వేళ్లకు పట్టు లేదు. బండి పది గజాలు కునికి, ఖణేల్‌మని ఆగిపోయింది. మళ్లీ. మళ్లీ ఆగిపోయింది. మూడుసార్లు.

చావడానికి కూడా కుడిచెయ్యి కావాలని ఎవరూ చెప్పలేదు నాకు. బండి మీద తల ఆనించి నవ్వాను. నవ్వు ఏడుపయింది.

15 సెప్టెంబరు

ఏమీ లేదు.

21 సెప్టెంబరు, శనివారం

తిమ్మరాజు వచ్చాడు. మిలిటరీలో నా జతగాడు. వాడిది కూడా మోటారు సైకిలే. బెంగళూరులో ఏదో ఆఫీసులో డ్రైవరుగా చేరాడట, తిరుపతి పోతూ దారిలో నన్ను చూసిపోదామని దిగాడు. వాకిట్లోనే ఆపి "లోపలికి రావద్దు, నాకు పెద్దరోగం" అన్నాను. ఎవరికో మొదటిసారి నోటితో చెప్పడం అదే.

వాడు నా చెయ్యి వైపు చూశాడు. "ఏ ఏళ్లు?"

చెప్పాను.

"చిటికెనేలు?"

"అదొక్కటి బాగుండాది."

"తెల్లారుజామున లేపుతాదా? విదిలిస్తే తగ్గుతాదా?"

నాకు భయమేసింది. వీడికి ఎట్లా తెలుసు? తిమ్మరాజు చొక్కా చెయ్యి పైకి లాగాడు. మణికట్టు లోపలివైపు, అరచేతి మొదట్లో, తెల్లగా ఒక గాటు గుర్తు.

"మన బండ్లు తోలినోళ్లకు ఇది కొత్త కాదప్పా. నాక్కూడా వచ్చినాది. నేనూ నీ మాదిరే అనుకున్యా, మాయమ్మకు జాబు కూడా రాయడం మానేస్తి. ఈడ లోపల ఒక పట్టీ ఉంటాదంట. దాని కింద నరం నలుగుతాదంట. మిలిటరీ ఆసుపత్రిలో ఒక సర్జను ఉండాడు, ఆయప్ప ఆ పట్టీ కోసేసినాడు. చూడు" అని జేబులోంచి గుండుసూది తీసి తన వేలికి గుచ్చుకుని "అబ్బా" అన్నాడు.

నేను వాడి కాళ్లు పట్టుకున్నాను. పట్టుకోకూడదని గుర్తొచ్చి వదిలేశాను. వాడు నన్ను ఎత్తి కౌగిలించుకున్నాడు. పెద్దరోగమని విన్నాక కూడా నన్ను తాకిన మొదటి మనిషి.

22 సెప్టెంబరు

నమ్మను. నమ్మి మళ్లీ పడలేను. వాడికి అది, నాకు ఇది. లేకపోతే నీలావతికి ఎట్లా వస్తుంది? దానికి ఫట్‌ఫటి తోలడం రాదే.

30 సెప్టెంబరు, బెంగళూరు

తిమ్మరాజు తిరుపతి నుంచి తిరిగొస్తూ నన్ను బలవంతాన రైలెక్కించి, తనకు కోసిన సర్జను దగ్గరికి తెచ్చాడు. డాక్టరు చిన్న మనిషి, పెద్ద ముక్కు. ఒళ్లంతా చూశాడు. దూది తిప్పాడు, సూది తిప్పాడు, మణికట్టు మీద వేలితో కొట్టాడు. కొట్టినప్పుడు నడిమివేలి దాకా జివ్వుమంది. వాతల మచ్చలు చూసి తల పట్టుకున్నాడు.

నా మిలిటరీ ఇంగ్లీషుకు అర్థమైనంత రాస్తున్నాను. పెద్దరోగమైతే నరం లావెక్కి చేతికి తగులుతుంది, మచ్చలు మొద్దుబారతాయి, చాలామందికి చిటికెనవేలే ముందు పోతుంది. నాకు అవేవీ లేవు. హ్యాండిల్ అదురుకు, గట్టిగా పట్టుకుని పట్టుకుని మణికట్టు లోపల వాచింది. మగ్గం అచ్చులో పోగులు బిగుసుకుంటే నేత సాగనట్టు, ఇరుకులో నరం నలిగింది. ఈ ఆపరేషను ఆయన ఇంతవరకు నలుగురికే చేశాడట. "నిండా ఆలస్యం చేశావు, కండ పూర్తిగా వస్తుందని చెప్పలేను" అన్నాడు.

నీలావతి సంగతి అడిగాను. ఎన్నో నెల అన్నాడు. ఎనిమిదో నెల అన్నాను. నవ్వాడు. కడుపుతో ఉన్నవాళ్లకు ఒళ్లు నీరు పట్టి ఇదే వస్తుంది, కాన్పయ్యాక నెలా రెండు నెలల్లో దానంతటదే పోతుంది అన్నాడు.

అంత తేలిగ్గా అన్నాడు. అద్దకం కొట్టంలో పడుకుని ఉంది నీలావతి, ఆయనకేం తెలుసు.

అత్తకు జాబు రాసి పంపాను.

10 అక్టోబరు, గురువారం

ఎడమచేత్తో రాస్తున్నాను. కోశారు. సూది మందు ఇచ్చారు, నేను చూస్తూనే ఉన్నాను. తెల్లటి పట్టీ. కత్తి ఆనగానే విడిపోయింది. ఇంత దానికా.

11 అక్టోబరు

తెల్లారేదాకా నిద్రపోయాను. చెయ్యి లేపలేదు.

20 అక్టోబరు

జాబుకు జవాబు లేదు.

23 అక్టోబరు

కుట్లు విప్పారు. సూది పొడిస్తే బొటనవేలికి తెలిసీ తెలియనట్టు ఉంది. చూపుడువేలు ఇంకా మొద్దే. "ఓపిక పట్టు, నెలలు పడుతుంది" అన్నాడు డాక్టరు. ఆయన సంతకంతో కాగితం రాసిచ్చాడు, ఇతనికి కుష్టు లేదు అని.

చౌడప్ప మామ మనిషి చేత కబురు పంపించాడు. పంతొమ్మిదో తేదీ నీలావతికి ఆడపిల్ల. తల్లీ బిడ్డా బాగున్నారు. తల్లి వేరు, బిడ్డ వేరు.

30 అక్టోబరు, బుధవారం. ధర్మవరం

ఎడమచెయ్యి నొప్పెట్టింది, కుడిచేత్తోనే రాస్తున్నాను. వంకర టింకరగా ఉంది. ఉండనీ.

పొద్దున రైలు దిగి మగ్గాల వీధికి వచ్చాను. పురిటి స్నానం రోజు. అత్త బిడ్డను పొత్తిళ్లలో పట్టుకుని అరుగు మీద నిలబడింది. చిక్కి సగమైంది ఆమె కూడా. బిడ్డకు దూదితో మేకపాలు పిండుతున్నారు. పెరటి గోడ దగ్గర, కొట్టం గడపలో నీలావతి. రొమ్ముల దగ్గర చీర తడిసి ఉంది. పాలు పిండి నేల మీద పోస్తోందని ఉలిగమ్మ చెప్పింది. తనే బిడ్డను తాకనంటోందట.

డాక్టరు కాగితం చూపించాను. వీధి మొత్తంలో ఇంగ్లీషు చదివేవాడు లేడు.

"ఇంగ్లీసు కాగితానికేమి భూషణా, దేనికి రాసిచ్చినాడో" అంది అత్త. "చెయ్యి కోసుకున్యావు, సరే. లోపల పోయినాదని నాకెట్ల తెలుస్తాది? రేపు ఈ బిడ్డకు వస్తే నువ్వు జవాబు చెప్తావా?"

"చెప్తా అత్తా."

"నీ జవాబు నాకెందుకు."

నాకు ఆమె మీద కోపం రాలేదు. నేను చంద్రప్పను చూసినవాణ్ణి.

అప్పుడు చౌడప్ప మామ తన మగ్గం దిగి వచ్చాడు. చేతిలో ఒక పట్టుపోగు, అగ్గిపెట్టె.

"తెచ్చినోడే కాల్చి చూపించాల. ఆ పొద్దు ఈ చెయ్యే కదా మనకు చెప్పింది. ఇప్పుడూ ఆ చెయ్యే చెప్పనీ. పట్టు, భూషణా."

వారం కిందట చూపుడువేలు మొద్దుగానే ఉంది. పోనీ బొటనవేలు ముందుకు పెడదామా అనుకున్నాను. అందరూ చూస్తున్నారు. పోగు పట్టుకుని కళ్లు మూసుకున్నాను. నాయన నేర్పించినప్పటి లాగా.

ముందు ఏమీ లేదు. వాసన వచ్చింది. ఇంకా ఏమీ లేదు. మళ్లీ అదే, ఇంక అంతే అనుకున్నాను. అంతలో ఎక్కడో దూరాన, వేరే ఎవరి వేలికో వెచ్చగా అయినట్టు. తరవాత చురుక్కు. తరవాత నా వేలే. "అబ్బా!" అని అరిచి చెయ్యి విదిలించాను. వీధి చివరి మగ్గం దాకా వినిపించి ఉంటుంది. నొప్పికి అంత సంతోషించిన మనిషి ఈ తాలూకాలో మరొకడు ఉండడు.

ఎవరో నవ్వారు. ఎవరో ఏడ్చారు. అత్త మాత్రం కదల్లేదు.

"నీది సరే. దాంది?"

కాన్పయి పదకొండు రోజులు. డాక్టరు నెలా రెండు నెలలు అన్నాడు. నేను నోరు తెరిచే లోపల నీలావతి కొట్టం గడప దిగి వచ్చింది. రెండు నెలల తరవాత ఇంత దగ్గరగా చూడడం ఇదే. నా వైపు చూడలేదు. చౌడప్ప మామ దగ్గరికి పోయి కుడిచెయ్యి చాపింది.

"నాకూ ఒక పోగు ఇయ్యి మామా."

బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పట్టుకుంది. మామ పుల్ల గీశాడు. మంట పోగు వెంట పాకింది. అందరూ నీలావతి మొహం చూస్తున్నారు. నేను వేలు చూస్తున్నాను.

"అబ్బా! కాలినాది, అమ్మా, కాలినాది!" అని పోగు వదిలేసింది. కళ్ల నిండా నీళ్లు.

మంటకూ వేలికీ మధ్య ఇంకా బియ్యపుగింజంత దూరం ఉంది.

నేను చూశాను. చౌడప్ప మామ కన్ను కూడా ఆ దూరాన్ని దాటిపోయే కన్ను కాదు. ఆయన కింద పడ్డ పోగును కాలితో తొక్కి, మొహం తిప్పుకుని, "ఇంగేమి సరోజా, బిడ్డనియ్యి. పాలు నేల పాలైతాండాయి" అన్నాడు.

అత్త బిడ్డను ఇచ్చింది. నీలావతి అక్కడే, వీధిలోనే కూలబడి రొమ్ము అందించింది. బిడ్డ వెతుక్కుని వెతుక్కుని పట్టుకుంది.

31 అక్టోబరు

తెల్లవారకముందే గాజుల చప్పుడు. బిడ్డ ఎడమచేతిలో, కుడిచెయ్యి విదిలించుకుంటోంది. నేను లేచానని చూసి ఆపేసింది.

డాక్టరు నీలావతి చెయ్యి చూడలేదు. నా మాట విని చెప్పాడు. పోతుంది అన్నాడు. పోతుంది. పోవాలి. నెలా రెండు నెలలు ఈ పుస్తకంలో రోజూ అదే రాస్తాను.

దగ్గరికి పోయి చెయ్యి నా చేతుల్లోకి తీసుకున్నాను. లాక్కోబోయింది, వదల్లేదు.

"మిలిటరీలో ఎవరూ లేరు" అన్నాను.

"తెలుసు లే."

"నిన్న నిజంగా కాలినాదా?"

"కాలకపోతే అరుస్తానా బావా" అంది.

సరే అన్నాను. నా చూపుడువేలి మీద శనగగింజంత బొబ్బ లేచింది. దానిమీద నోటితో ఊదింది నీలావతి. చల్లగా తెలిసింది. తన వేలు చూపించమంటే చీర కొంగులో దాచుకుంది.